రొద తగ్గించే విద్య: రేడియో రిసీవర్లతో కృష్ణపదార్థం వెతుకులాట



ఏటా ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆయన మాకు రేడియో ఇంజనీరింగ్ చెప్పారు. సిలబస్‌లో యాంప్లిఫయర్లు ముందుండేవి, నాయిస్ ఎక్కడో చివర ఉండేది. మాస్టారు ఆ వరస తిప్పేసి నాయిస్‌తోనే మొదలుపెట్టేవారు. సిగ్నల్‌ను పెద్దది చేయడం ఎవరికైనా చేతనవుతుంది, దాంతోపాటు రొద కూడా అంతే పెరుగుతుంది, కాబట్టి ముందు ఆ రొద ఎక్కడ పుడుతున్నదో పట్టుకోండి అని ఆయన పట్టు. పరీక్షలో ఆ అధ్యాయం నుంచి వచ్చేది ఒక్క ప్రశ్నే. అయినా దానికి ఆయన వారాల తరబడి సమయం ఇచ్చేవారు.

ఆ అధ్యాయాన్నే ఆధారం చేసుకుని భౌతికశాస్త్రంలో ఒక పెద్ద వెతుకులాట నలభై ఏళ్ళుగా సాగుతోంది. విశ్వంలోని పదార్థంలో ఎక్కువ పాలు ఏమిటో మనకింకా తేలలేదు. తేల్చడానికి కొందరు కొండల కింద, గనుల అడుగున టన్నుల కొద్దీ ద్రవ జెనాన్ నింపుకుని కాపలా కాస్తున్నారు. మరికొందరు ఒక రాగి డబ్బాకు రేడియో రిసీవర్ తగిలించి వింటున్నారు. ఈ రెండో దారి మీద మన దగ్గర తక్కువగా మాట్లాడుకున్నాం. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

కృష్ణపదార్థం సంగతి మీలో చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీల గుంపును పరిశీలించాడు. కంటికి కనిపించే పదార్థపు ఆకర్షణ ఒక్కటే అయితే, అంత వేగంగా కదిలే గెలాక్సీలు ఎప్పుడో చెల్లాచెదురైపోయి ఉండాలని గ్రహించాడు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచారు. కేంద్రం నుంచి దూరం జరిగేకొద్దీ పడిపోవలసిన వేగం పడిపోలేదు. తర్వాత వచ్చిన ఆధారాలు, అంటే గెలాక్సీల గురుత్వం వల్ల వెనకాలి కాంతి వంగడం, విశ్వపు తొలినాటి మైక్రోవేవ్ కాంతి, అన్నీ కలిసి ఒకే లెక్కకు వచ్చాయి. మామూలు పదార్థానికి అయిదు రెట్లకు పైగా కనిపించని పదార్థం ఉంది.

అది ఎక్కడో లేదు, ఈ హాలులోనూ ఉంది. సూర్యుడి పరిసరాల్లో దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.3 నుంచి 0.45 గిగా ఎలక్ట్రాన్‌వోల్టులని అంచనా. దీన్ని గ్రాముల్లోకి మారిస్తే భూగోళమంత జాగాలో మొత్తం కలిపి కిలోకు లోపే. ఇంత పలచని సరుకును పట్టుకోవడం ఎలా? అది దేనితో తయారైందన్న దాని మీద ఆధారపడుతుంది. బరువైన కణాలైతే సంఖ్య తక్కువగా ఉంటుంది. ఎప్పుడో ఒకటి వచ్చి ఒక కేంద్రకాన్ని ఢీకొంటుంది, ఆ దెబ్బ కోసం కాచుకోవాలి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, అమెరికాలో సౌత్ డకోటాలోని పాత బంగారు గనిలో చేస్తున్నది అదే. మన దేశంలోనూ జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 550 మీటర్ల లోతున ఇలాంటి పనికి ఒక ప్రయోగశాల ఉంది. ఇన్నేళ్ళ కాపలాలో ఆ దెబ్బ ఇంకా ఖాయంగా నమోదు కాలేదు.

కణం చాలా తేలికైనదైతే లెక్క పూర్తిగా మారిపోతుంది. అదే కిలోను కోట్ల కోట్ల ముక్కలు చేయాలి. ఉదాహరణకు ఒక్కో కణం బరువు ఎలక్ట్రాన్‌వోల్టులో పది లక్షలవ వంతుకు నాలుగు రెట్లు, అంటే 4 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు అనుకుందాం. అప్పుడు ప్రతి ఘన సెంటీమీటరులోనూ దాదాపు కోటి కోట్ల కణాలుంటాయి. వాటిని ఇక విడివిడి కణాలుగా చూడటంలో అర్థం లేదు. అన్నీ కలిసి ఒక తరంగంలా, వందల మీటర్ల పొడవున ఒకే లయలో ఊగుతాయి. తరంగం అన్న మాట రాగానే అది గని పని కాదు, రేడియో పని అవుతుంది.

ఇంత తేలికైన కణాన్ని ఊహించడానికి కారణం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. దీని జవాబులో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం ఒకటుంది. ఈ కణాన్ని కృష్ణపదార్థం కోసం ఎవరూ కల్పించలేదు. అది న్యూట్రాన్ గురించిన ఒక చిక్కులోంచి పుట్టింది.

న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. కాని దాని లోపల ఆవేశం ఉన్న క్వార్కులు మూడున్నాయి. అలాంటప్పుడు ధనావేశం ఒక పక్కకు, రుణావేశం మరో పక్కకు రవ్వంతైనా ఒరిగి ఉండాలి. కేంద్రకాన్ని పట్టి ఉంచే బలం సమీకరణాల్లో దీనికి చోటు కూడా ఉంది. అందులో థీటా అనే ఒక కోణం ఉంటుంది, దాని విలువను బట్టి ఒరుగుదల ఉంటుంది. ఆ కోణం ఎంతైనా కావచ్చు, సిద్ధాంతం అడ్డు చెప్పదు. కొలిచి చూస్తే ఒరుగుదల కనిపించడం లేదు. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో చేసిన ప్రయోగం 2020లో ఇచ్చిన కొలత ప్రకారం ఆ కోణం రేడియన్‌లో దాదాపు వెయ్యి కోట్లవ వంతుకు మించదు. ఎంతైనా ఉండగల సంఖ్య సరిగ్గా సున్నా దగ్గర కూర్చుందంటే ఏదో దాన్ని అక్కడికి నెట్టి ఉండాలి.

1977లో స్టాన్‌ఫర్డ్‌లో రొబెర్తో పెచ్చీ, హెలెన్ క్విన్ దీనికొక దారి చూపించారు. థీటా ఒక స్థిరసంఖ్య కాదు, విశ్వమంతటా పరచుకున్న ఒక క్షేత్రం, అది తనంతట తాను జారి సున్నా దగ్గరికి చేరుతుంది అన్నారు. క్షేత్రం ఉంటే దానికో కణం ఉండి తీరాలి కదా అని 1978లో స్టీవెన్ వైన్‌బర్గ్, ఫ్రాంక్ విల్చెక్ ఎవరికి వారుగా ఎత్తిచూపారు. ఆ కణమే యాక్సియాన్. మొదట ఊహించినంత బరువైన యాక్సియాన్ ప్రయోగాల్లో దొరకలేదు. మిగిలింది అతి తేలికైనది, మామూలు పదార్థంతో దాదాపు పొత్తే లేనిది. దానికి అదృశ్య యాక్సియాన్ అని పేరు పెట్టి, పట్టుకోవడం మన వల్ల కాదని చాలామంది వదిలేశారు.

1983లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. మొదటిది, మూడు బృందాలు వేర్వేరుగా ఒకే విషయం గమనించాయి. సున్నా వైపు జారిన క్షేత్రం అక్కడికి రాగానే ఆగిపోదు, అటూ ఇటూ ఊగుతుంది. విశ్వం పుట్టిన కొత్తలో మొదలైన ఆ ఊపు ఇప్పటికీ ఆగలేదు. ఆ ఊపులో దాగిన శక్తి కృష్ణపదార్థం లెక్కకు సరిపోవచ్చు. రెండోది, ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోని పియేర్ సికివీ ఆ అదృశ్య కణాన్ని ప్రయోగశాలలో వెతికే పద్ధతి చెప్పాడు. బలమైన అయస్కాంత క్షేత్రంలో యాక్సియాన్ అరుదుగా ఫోటాన్‌గా మారుతుంది. దాని బరువంతా ఫోటాన్ శక్తి అయిపోతుంది కనుక ఏ ఫ్రీక్వెన్సీ వస్తుందో ముందే చెప్పవచ్చు: ఒక మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుకు దాదాపు 242 మెగాహెర్ట్జ్. ఇందాక చెప్పుకున్న 4 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల కణమైతే ఒక గిగాహెర్ట్జ్‌కు కాస్త తక్కువ. మన సెల్‌ఫోన్లు మాట్లాడుకునే పరిసరాలే. అయస్కాంతం మధ్య ఒక లోహపు డబ్బా పెట్టి, ఆ డబ్బాను సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేస్తే, పుట్టిన ఫోటాన్లు అందులో పోగవుతాయి. చిన్న యాంటెన్నాతో వాటిని బయటికి తీసి వినవచ్చు.

పద్ధతి ఇంతే. పాత వాల్వ్ రేడియోలో మీట తిప్పుతూ రేడియో సిలోన్ కోసం వెతికినట్టే, ఇక్కడా మెల్లగా మీట తిప్పుతూ పోవాలి. కాకపోతే ఈ స్టేషన్ డయల్ మీద ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దాని గొంతు హిస్సుమనే శబ్దం కన్నా కొన్ని వందల రెట్లు తక్కువ.

ఎంత తక్కువో లెక్క వేసి చూద్దాం. విద్యార్థులు కాగితం తీసుకోండి, ఇది మీ రెండో సంవత్సరం లెక్కే.

ఈ పద్ధతితో వెతికే యంత్రం ఒకటి అమెరికాలోని సియాటిల్‌లో ఉంది, దాని వివరాలు తర్వాత చెబుతాను. అందులో యాక్సియాన్ నుంచి రావలసిన సిగ్నల్ పవర్ సుమారు 10⁻²³ వాట్లు. టవర్‌కు దూరంగా, ఒక్క గీత చూపించే సెల్‌ఫోన్‌కు అందే పవర్ 10⁻¹³ వాట్ల వరస. అంటే ఆ ఒక్క గీత సిగ్నల్‌కన్నా ఇది వెయ్యి కోట్ల రెట్లు చిన్నది. ఒక గిగాహెర్ట్జ్ దగ్గర ఫోటాన్ శక్తితో భాగిస్తే సెకనుకు పదిహేను ఫోటాన్లు. డబ్బాలో ఏ క్షణానైనా లక్ష కోట్ల కోట్లకు మించి యాక్సియాన్లు ఉంటాయి, అన్నిటి నుంచీ కలిపి సెకనుకు మనకు దక్కేది ఆ పదిహేను.

ఇప్పుడు రొద. ఏ వస్తువైనా దాని ఉష్ణోగ్రతకు తగ్గ నాయిస్ ఇస్తుంది: బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రత, బ్యాండ్‌విడ్త్ మూడింటినీ గుణిస్తే ఆ పవర్ వస్తుంది. యాక్సియాన్ గీత వెడల్పు సుమారు ఒక కిలోహెర్ట్జ్. రిసీవర్ మొత్తం నాయిస్ అర కెల్విన్ అనుకుంటే, ఆ కిలోహెర్ట్జ్‌లో రొద 7×10⁻²¹ వాట్లు. సిగ్నల్‌కన్నా ఏడు వందల రెట్లు. ఇంత పూడికలోంచి సిగ్నల్ ఎలా బయటపడుతుంది? సగటు తీయడం ద్వారా. రొద యాదృచ్ఛికం, సిగ్నల్ నిలకడ. ఎక్కువసేపు వింటే రొదలోని ఒడిదుడుకులు కాలం వర్గమూలానికి తగ్గట్టు సర్దుకుంటాయి, సిగ్నల్ అలాగే నిలుస్తుంది. 1946లో రాబర్ట్ డికీ రాసిన రేడియోమీటర్ సూత్రం ఇదే. లెక్క కడితే, నమ్మదగినంత తేడా రావడానికి ఒక్కో చోట సుమారు 6,000 సెకన్లు, అంటే గంటా నలభై నిమిషాలు వినాలి.

అదే డబ్బాను మామూలు గది ఉష్ణోగ్రతలో, 300 కెల్విన్ల దగ్గర ఉంచితే? నాయిస్ ఆరు వందల రెట్లు పెరుగుతుంది. కాలం దాని వర్గంలో పెరుగుతుంది, అంటే మూడు లక్షల అరవై వేల రెట్లు. గంటా నలభై నిమిషాలు కాస్తా 68 ఏళ్ళు అవుతుంది. అదీ డయల్ మీద ఒక్క చోట వినడానికి. మాస్టారు నాయిస్‌కు అన్ని వారాలు ఎందుకిచ్చారో ఈ ఒక్క గుణకారం చెబుతుంది.

ఈ తర్కం అన్ని రిసీవర్లకూ ఒకేలా వర్తించదని ఇక్కడ చెప్పడం అవసరం. మన తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే వాతావరణ రాడార్ ఉంది. 1,024 యాగీ యాంటెన్నాలు ఆకాశం వైపు నిలబడి, మేఘం కూడా లేని గాలి నుంచి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనులు వింటాయి. అక్కడ రిసీవర్‌ను ఎంత చల్లబరిచినా ప్రయోజనం లేదు. ఆ ఫ్రీక్వెన్సీలో పాలపుంత నుంచే కొన్ని వేల కెల్విన్ల రొద దిగుతుంది. కాబట్టి అక్కడ నేర్పంతా సిగ్నళ్ళను పేర్చి సగటు తీయడంలో ఉంది. యాక్సియాన్ డబ్బా మూసిన రాగి గది. దానికి ఆకాశం కనపడదు. అందులో రొద ఉందంటే అది డబ్బా గోడలది, ఆ తర్వాత యాంప్లిఫయర్‌ది. ఆ రెండూ మన చేతిలో ఉన్నాయి. తగ్గించగలిగితే తగ్గుతాయి, తగ్గించినంత మేరకు ఫలం దక్కుతుంది.

ఇక ఆ యంత్రాన్ని దగ్గరగా చూద్దాం. దాని పేరు ఏడీఎంఎక్స్. 1990ల మధ్యలో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలలో మొదలై, 2010లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి మారింది. నడిమధ్యలో మీటరు పొడవు, 42 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు స్తూపం, దానికి రాగి పూత. లోపల 136 లీటర్ల జాగా. ఖాళీగా ఉంటే ఇది 550 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. లోపల నిలువుగా రెండు రాగి కడ్డీలుంటాయి. అవి గోడ పక్కన ఉన్నప్పుడు ఫ్రీక్వెన్సీ తక్కువ, మధ్యకు జరిగేకొద్దీ పెరుగుతుంది. చిన్న మోటార్లు ఆ కడ్డీలను వెంట్రుకవాసి కూడా కాని మెట్లలో జరుపుతాయి. చుట్టూ దాదాపు ఆరు టన్నుల అతివాహక అయస్కాంతం, 7.6 టెస్లాల క్షేత్రం. ఆసుపత్రిలో మనం చూసే ఎంఆర్ఐ సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాలు.

డబ్బాను చల్లబరిచేది హీలియం-3, హీలియం-4 ఐసోటోపుల మిశ్రమంతో నడిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్. 2017 నాటి పరుగులో డబ్బా దాదాపు 0.15 కెల్విన్ దగ్గర ఉంది. గోడల రొద అలా తీరింది. మిగిలింది యాంప్లిఫయర్. తొలి రోజుల్లో ఉత్తమమైన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ కూడా ఒకటి రెండు కెల్విన్ల రొద తనే చేర్చేది. డబ్బాను ఎంత చల్లబరిచినా ఆ తర్వాతి మెట్టులో అంతా పాడయ్యేది. ఈ అడ్డంకిని తొలగించింది బర్కిలీలోని జాన్ క్లార్క్. స్క్విడ్ అనే అతివాహక వలయాన్ని ఆయన గిగాహెర్ట్జ్ యాంప్లిఫయర్‌గా మలిచాడు. 2025లో మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లతో కలిసి ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బహుమతి 1980లలో విద్యుత్ సర్క్యూట్లలో క్వాంటం ప్రవర్తనను చూపినందుకు, ఈ యాంప్లిఫయర్‌కు కాదు. అయినా రెండింటికీ వేరు ఒకటే: జోసెఫ్సన్ సంధి అనే అతివాహక పరికరం.

ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. స్క్విడ్ అయస్కాంత క్షేత్రంలో పనిచేయదు, ఆ మాటకొస్తే దాన్ని అతి సున్నితమైన అయస్కాంతమాపకంగానే వాడతారు. డబ్బా చూస్తే ఏడు టెస్లాల నడుమ ఉంది, యాంప్లిఫయర్ దాని పక్కనే ఉండాలి. కేబుల్ పొడవైతే నష్టం, నష్టమంటే మళ్ళీ రొద. అందుకని డబ్బా పైన మరో తీగచుట్టను పెద్ద అయస్కాంతానికి ఎదురుగా నడిపి, యాంప్లిఫయర్ కూర్చునే ఆ కాస్త చోటులో క్షేత్రాన్ని రద్దు చేస్తారు. ఎక్కడ క్షేత్రం కావాలో అక్కడ కొండంత, ఎక్కడ వద్దో అక్కడ దాదాపు శూన్యం, రెండింటి మధ్య చేతికందే దూరం. ప్రయోగ పత్రాల్లో ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోయే ఈ పని వెనక ఏళ్ళ శ్రమ ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఇది భౌతికశాస్త్రవేత్తల వ్యవహారమని పక్కకు తప్పుకోకూడదు. ఈ వెతుకులాటలో సగం పైగా మీ పనే: మైక్రోవేవ్ సర్క్యూట్లు, లో-నాయిస్ డిజైన్, క్రయోజెనిక్స్, సిగ్నల్ ప్రాసెసింగ్.

సిద్ధాంతం పక్క నుంచి ఒక్క మాట చెప్పాలి. యాక్సియాన్ కాంతితో ఎంత గట్టిగా ముడిపడుతుందన్నదానికి రెండు ప్రధాన నమూనాలున్నాయి. వాటిని రూపొందించిన వాళ్ళ పేర్ల పొడి అక్షరాలతో కేఎస్‌వీజెడ్, డీఎఫ్ఎస్‌జెడ్ అంటారు. రెండోదానిలో సిగ్నల్ పవర్ సుమారు ఏడో వంతు. కాలం వర్గంలో పెరుగుతుంది కనుక దాన్ని వినడానికి యాభై రెట్ల సమయం కావాలి. లివర్మోర్‌లో మొదటి నమూనాకు సరిపడే సున్నితత్వం వచ్చింది. రెండోది చాలాకాలం అందలేదు. 2018లో ఏడీఎంఎక్స్ 2.66 నుంచి 2.81 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల మధ్య, అంటే సుమారు 645 నుంచి 680 మెగాహెర్ట్జ్ దాకా, ఆ బలహీన నమూనాకు కూడా చాలినంత శ్రద్ధగా విని, ఇక్కడ లేదు అని ప్రకటించింది. ఈ వెతుకులాటలో నేను అన్నిటికన్నా పెద్ద మలుపుగా భావించేది ఆ ప్రకటననే. 2020, 2021 ఫలితాలతో ఆ హద్దు 4.2 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులకు, దాదాపు ఒక గిగాహెర్ట్జ్ దాకా, జరిగింది.

లేదు అని చెప్పడానికి ఇంత డబ్బు, ఇంతమంది జీవితాలా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. నా జవాబు ఇది. చాలా ప్రయోగాల్లో లేదు అంటే ఇంతవరకు తగల్లేదు అని మాత్రమే అర్థం. యంత్రం ఇంకొంచెం పెద్దదైతే తగలొచ్చేమో అన్న అనుమానం ఎప్పటికీ మిగిలిపోతుంది. ఇక్కడ సిద్ధాంతం ఒక ఖచ్చితమైన అంకె ముందే పెట్టింది: ఈ ఫ్రీక్వెన్సీలో నేను ఉంటే ఇంత పవర్ వస్తుంది అని. ఆ అంకెకు దిగువ దాకా విని లేదు అంటే, ఆ తలుపు మూసుకున్నట్టే. ఒక్క షరతు మాత్రం దాచకూడదు. కృష్ణపదార్థమంతా యాక్సియాన్లే అని, మన చుట్టూ దాని సాంద్రత అంచనా వేసినంతే ఉందని ఈ లెక్కలన్నీ అనుకుంటాయి. ఒకవేళ యాక్సియాన్లు చిన్న చిన్న గుబుర్లుగా గుమిగూడి, భూమి ప్రస్తుతం వాటి మధ్య ఖాళీలో ప్రయాణిస్తుంటే, మూసిన తలుపు మళ్ళీ తెరవాల్సి వస్తుంది.

ఉంది అని చెప్పడానికి వాళ్ళు ఎంత జాగ్రత్త పడతారో కూడా చెప్పాలి. ఎనిమిది, తొమ్మిది వందల మెగాహెర్ట్జ్ ప్రాంతమంటే ప్రపంచమంతా సెల్‌ఫోన్ల సంత. రాగి డబ్బా ఎంత మూసినా ఎక్కడో ఓ కేబుల్ దగ్గర సందు దొరికితే బయటి సిగ్నల్ దూరుతుంది. అందుకని స్పెక్ట్రమ్‌లో ఎక్కడైనా ఒక గీత లేస్తే వరసగా పరీక్షలు మొదలవుతాయి. మళ్ళీ అక్కడికే వెళ్ళి వింటారు, యాదృచ్ఛికంగా లేచినవన్నీ అక్కడే రాలిపోతాయి. నిలబడ్డవాటిని డబ్బా బయట పెట్టిన యాంటెన్నాతో పోలుస్తారు, బయట కూడా వినిపిస్తే అది మనుషుల సిగ్నల్. కడ్డీలు జరిపి చూస్తారు, డబ్బా ట్యూనింగ్ తప్పినా గీత తగ్గకపోతే అది డబ్బాలో పుట్టింది కాదు. ఇన్ని దాటి నిలిస్తే చివరికి అయస్కాంతాన్నే తగ్గిస్తారు. యాక్సియాన్ సిగ్నల్ క్షేత్రం వర్గానికి అనులోమం. క్షేత్రం సగమైతే సిగ్నల్ పావు వంతు కావాలి. భూమి మీద ఏ టవరూ సియాటిల్‌లో అయస్కాంతం తగ్గించారని తన పవర్ తగ్గించుకోదు.

బృందంలో ఇద్దరు ముగ్గురు రహస్యంగా డబ్బాలోకి కృత్రిమ యాక్సియాన్ సిగ్నళ్ళు పంపుతుంటారు కూడా. మిగతావాళ్ళకు ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీలో పంపారో తెలియదు. వాళ్ళు ఆ గీతను పట్టుకుని పరీక్షలన్నీ చేసి, చివరిదాకా వెళ్ళాక, కవరు విప్పి ఇది మేం పెట్టిందే అని చెబుతారు. అన్నాళ్ళు ఆశపడి చివర్లో ఆ మాట వినడం ఎంత కష్టమో ఊహించగలను. అయినా ఆ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నిజంగా సిగ్నల్ వస్తే తమ యంత్రం, తమ ప్రోగ్రాం, తమ కళ్ళు దాన్ని పట్టుకుంటాయని రుజువు చేసుకున్నవాళ్ళకే లేదు అనే హక్కు ఉంటుంది.

ముందున్న దారి సులువు కాదు. యాక్సియాన్ ఎంత తేలికో ఎవరికీ తెలియదు. ఒక మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టు నుంచి వెయ్యి దాకా, అంటే 240 మెగాహెర్ట్జ్ నుంచి 240 గిగాహెర్ట్జ్ దాకా వెతకవలసిన మైదానం. విశ్వపు తొలి క్షణాలను సూపర్‌కంప్యూటర్‌లో నడిపి చూసిన ఒక లెక్క 2022లో 40 నుంచి 180 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల మధ్య ఉండవచ్చంది. అది సుమారు పది గిగాహెర్ట్జ్, ఆ పైమాటే. ఫ్రీక్వెన్సీ పెరిగితే డబ్బా చిన్నదవ్వాలి. పది గిగాహెర్ట్జ్‌కు స్తూపం వ్యాసార్ధం 1.15 సెంటీమీటర్లు, అరచేతిలో ఇమిడే వస్తువు. కొలతలన్నీ అదే నిష్పత్తిలో తగ్గిస్తే 136 లీటర్ల జాగా పోయి కొన్ని పదుల మిల్లీలీటర్లు మిగులుతుంది. ఫోటాన్లు ఆ మేరకు పడిపోతాయి.

రొద వైపు నుంచి కూడా ఒక గోడ ఎదురవుతుంది. ఎంత చల్లబరిచినా మామూలు యాంప్లిఫయర్‌కు క్వాంటం సిద్ధాంతం ఒక కనీస నాయిస్ విధిస్తుంది. ఒక గిగాహెర్ట్జ్ దగ్గర అది 0.048 కెల్విన్, పది గిగాహెర్ట్జ్ దగ్గర పది రెట్లు. మాస్టారి అధ్యాయం ముగిసిన చోటు ఇది. అయినా దారులు వెతికారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలోని హేస్టాక్ బృందం తరంగంలోని రెండు భాగాల్లో ఒకదాని రొదను పిండి రెండోదానిలోకి నెట్టి, మొదటిదాన్ని మాత్రమే వినే పద్ధతి అమలు చేసింది. 2021లో ప్రకటించిన ఫలితాల్లో వెతికే వేగం దాదాపు రెట్టింపైంది. అదే ఏడాది ఫెర్మీల్యాబ్, షికాగో బృందం మరో దారి చూపింది. తరంగాన్ని పెద్దది చేసి వినడం మానేసి, క్వాంటం కంప్యూటర్లలో వాడే క్యూబిట్‌తో ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం. యాంప్లిఫయరే లేకపోతే యాంప్లిఫయర్ రొదా ఉండదు. దక్షిణ కొరియాలో దేజాన్ బృందం అయస్కాంతాన్నే 12 టెస్లాలకు పెంచి 2023లో 1.1 గిగాహెర్ట్జ్ దగ్గర బలహీన నమూనా సున్నితత్వాన్ని అందుకుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆర్గన్ అనే ప్రయోగం పదిహేను గిగాహెర్ట్జ్ పరిసరాల్లో వింటోంది. హాంబర్గ్‌లో డబ్బా బదులు పలకలు పేర్చే మాడ్‌మాక్స్ అనే ప్రయోగం తయారవుతోంది. ఇందులో క్యూబిట్ దారే చివరికి గెలుస్తుందని నాకనిపిస్తుంది. కాని అయస్కాంతం పక్కన దాన్ని బతికించే ఇంజనీరింగ్ పని చాలానే ఉంది.

ఒకవేళ సిగ్నల్ దొరికితే ఏమవుతుందో చెప్పి ముగిస్తాను. గనుల్లోని ప్రయోగాల్లో ఏదైనా కనిపిస్తే దాన్ని మరొకరు నిర్ధారించడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఇక్కడ అలా కాదు. కష్టమంతా డయల్ మీద చోటు తెలియకపోవడంలోనే ఉంది. ఆ అంకె ఒకసారి ప్రకటిస్తే, ఆ పరిధిలో పనిచేసే ఏ ప్రయోగశాలైనా తన కడ్డీలను అక్కడికి జరిపి ఆ పూటకే అవునో కాదో చెప్పగలదు. ఆ తర్వాత వెతకడం ఆగి, కొలవడం మొదలవుతుంది. ఆ కిలోహెర్ట్జ్ గీత ఆకారంలో కృష్ణపదార్థపు వేగాలన్నీ రాసి ఉంటాయి. సూర్యుడు పాలపుంత చుట్టూ సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు, భూమి సూర్యుడి చుట్టూ 30తో తిరుగుతోంది. జూన్‌లో రెండు వేగాలూ కొంతవరకు కలుస్తాయి, డిసెంబరులో ఎదురవుతాయి. గీత ఆ మేరకు జూన్‌లో కొన్ని పదుల హెర్ట్జ్ పైకి, డిసెంబరులో కిందికి జరగాలి. పాలపుంతలోకి ఏనాడో జారిపడిన చిన్న గెలాక్సీల నుంచి పారుతున్న ప్రవాహాలుంటే, అవి ఆ గీత మీద సన్నటి ముళ్ళలా లేస్తాయి. ఈ వివరం పట్టేందుకు సియాటిల్ బృందం మామూలు స్పెక్ట్రమ్‌తో పాటు అతి సన్నని విభజన గల రికార్డులను కూడా విడిగా భద్రపరుస్తోంది. ఫ్రీక్వెన్సీ తెలిసిన రోజున ముందుగా తెరిచేది వాటినే.